ఆపరేషన్ ఎండుచేప

“నీ టీమ్‌లో ద్రోహి ఉన్నాడు. సాయంత్రంలోగా పేరు చెప్పు.” చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ఏజెంట్ మణిశంకర్‌కి ఒళ్ళు మండిపోయింది. డబుల్ ఏజెంట్ అశ్విని కోస్తా రాడార్ కోడ్‌ల చిప్‌ని లేసు దుప్పటి మడతలో దాచి విదేశీ ముఠాకి అందించబోతోంది. ఇప్పటికి రెండుసార్లు నరసాపురం రేవుదాకా వచ్చి, గోదారి దాటించే పంటు ఎక్కకుండానే వెనక్కి తిరిగింది. ఎవరో ఉప్పందిస్తున్నారు. ఇంకెవరు, ఆ నాగదుర్గే! చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల, రేవంతా దాని చుట్టాలే. ఛీ, నమ్మి టీమ్‌లో పెట్టుకున్నందుకు!

లాడ్జి గది తలుపేసి, “ఎవరి మనసులో ఏముందో మొహం మీదే చెప్పండి. ఓపెన్‌గా!” అన్నాడు.

కెమెరాలు చూసే ఉదయ్‌కుమార్ ఫోన్‌లోకి తల దూర్చాడు. నాగదుర్గే నోరు విప్పింది.

“కోప్పడకూడదండి. జాలరి వేషం కట్టినప్పుడల్లా, ఎండుచేపల బుట్ట పక్కకి రాగానే మీరు ముక్కు చిట్లిస్తారండి. ఆ వాసనలో పెరిగినోళ్ళు అలా చెయ్యరండి. రేవులో ఎవరైనా పోల్చేస్తారు.”

“నాన్సెన్స్!”

ఉదయ్‌కుమార్ నాగదుర్గ బటన్ కెమెరా ఫుటేజ్ చూపించాడు. లుంగీ, తలపాగా, నెరిసిన గడ్డం, మధ్యలో కుళ్ళిన గుడ్డు వాసన తగిలినట్టు ముడుచుకుపోయిన ముక్కు. యాక్! ఇదా తన మొహం?

“ముందే ఏడవొచ్చుగా?”

“కిందటిసారి మీ తప్పు చెప్పినోణ్ణి ట్రాన్స్‌ఫర్ చేయించారుగా సార్,” అన్నాడు ఉదయ్‌కుమార్.

మణిశంకర్‌కి తన మీద తనకే అసహ్యమేసింది. ఇంకాస్తయితే ఈ పిల్ల పేరు పైకి పంపేసేవాడు.

“ఈసారి మీరిద్దరూ పంటు మీద. నేను గట్టు మీదే. నన్ను ఈ వేషంలోనే అక్కడ చూస్తే అది ధైర్యంగా ఎక్కుతుంది.”

“మీరు లేకుండానా అండి?”

“నేను లేకుండానే.”

సాయంత్రం పట్టుచీరలో, నల్లకళ్ళద్దాలతో అశ్విని రేవులో దిగింది. టికెట్ల దగ్గర ముక్కు చిట్లిస్తున్న జాలరిని చూసి నవ్వుకుంది. తాడు విప్పుతుండగా చటుక్కున పంటు ఎక్కి, అతనికి చెయ్యి కూడా ఊపింది. ఎంత పొగరు!

మణిశంకర్ గట్టు మీంచే ఫోన్‌లో బటన్ కెమెరా చూస్తున్నాడు. అవతలి ఒడ్డు దగ్గరపడింది. పక్కకి ఒక మోటారు పడవ వచ్చింది. అశ్విని దుప్పటి అందించబోయింది. పడవవాడి చెయ్యి దాన్ని తాకబోతుండగా, నాగదుర్గ బుట్టెడు ఎండుచేపలూ ఆమె నెత్తిన కుమ్మరించింది.

“ఛీ ఛీ!” అశ్విని రెండు చేతులతో ముక్కు మూసుకుంది. జారిన దుప్పటిని ఉదయ్‌కుమార్ పట్టేశాడు. ఆ మూసుకున్న చేతులకే నాగదుర్గ బేడీలు వేసింది.

వెంటనే చీఫ్ ఫోన్ మోగింది. “ద్రోహి దొరికాడా?”

“దొరికాడు సార్. ఇన్నాళ్ళూ నా మొహం మీదే కాపురం ఉన్నాడు.”