రాతి మీద ఏడో పేరు

"జరుగు, నీళ్లు పడతాయి" అని గొర్రెను అదిలించింది నింకె. ఆ పిల్ల చేతిలో ఆవుల కొట్టం కడిగే ప్రెషర్ పంపు ఉంది. పైపు గేటు దాటి, రోడ్డు పక్కనున్న స్మారకం దాకా సరిగ్గా సరిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మా పొలాల్లో ఒక బాంబర్ విమానం కూలింది. అందులో చనిపోయిన ఏడుగురి పేర్లు ఆ రాతి మీద చెక్కి ఉంటాయి. పక్కనే, బంకమట్టిలోంచి తవ్వితీసిన వంకర ప్రొపెల్లర్ రెక్క. మా బడి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పేరును దత్తత తీసుకుంటారు. ఏడాదంతా దాన్ని తుడవాలి. యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే మే నాలుగో తేదీ సాయంత్రం ఊరందరి ముందు దాన్ని చదవాలి.

విబ్రెన్‌కు అన్నిటికన్నా పైనున్న పైలట్ పేరు వచ్చింది. నింకెకు అట్టడుగు పేరు. విలియమ్ హాడ్లీ, విమానం తోకలో కూర్చుని తుపాకీ పేల్చే గన్నర్, ఇరవై ఏళ్లు.

"మావాడు విమానం నడిపాడు. మీవాడు వెనక కూర్చున్నాడు పాపం" అన్నాడు విబ్రెన్ ఆ మధ్యాహ్నం బళ్లో.

"ఎల్లుండి చూద్దువుగాని, ఎవరి పేరు మెరుస్తుందో" అంది నింకె.

అందుకే ఈ పంపు. బ్రష్‌తో ఎంత రుద్దినా పాచి వదల్లేదు మరి. మీట నొక్కగానే పాచి ఎగిరిపోయింది. అక్షరాల్లో నింపిన నల్లరంగు కూడా పెచ్చులు పెచ్చులుగా ఎగిరిపోయింది. పైన ఆరు పేర్లున్నాయి. ఏడోచోట ఉత్త బూడిదరంగు రాయి, రంగు లేని గాట్లు కంటికి ఆనడంలేదు.

నింకె పంపు ఆపేసింది. అటూ ఇటూ చూసింది. ఇంట్లోంచి తులిప్ పూల కుండీ తెచ్చి, ఆ పేరుకు అడ్డంగా పెట్టి, గబగబా ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు వొబ్బె మాస్టారు క్లాసులోకి వస్తూనే, "కెనడా నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారర్రా. విలియమ్ హాడ్లీ చెల్లెలు. ఎనభై ఎనిమిదేళ్లు. వాళ్లన్న పేరున్న రాయిని చూడ్డం ఇదే మొదటిసారి" అన్నారు.

అందరూ నింకె వైపు తిరిగారు. నింకె బల్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు డబ్బాలోని చీజ్ రొట్టె అలాగే ఉండిపోయింది. అంత దూరం నుంచి వచ్చినావిడ పూలను చూసి వెళ్లిపోతుందా? కుండీ జరిపి చూడదా? బడి వదిలాక అందరూ వెళ్లిపోయారు, నింకె మాత్రం కదల్లేదు.

"మాస్టారూ, మా విలియమ్ పేరు పోయింది" అంది. అంతా చెప్పేసరికి ముక్కు ఎర్రబడింది.

"పంపుతో కడిగావా?" అన్నారు మాస్టారు. "మీ నాన్నకు తెలుసా?"

"తెలీదు."

"ముందు ఆయనకు చెప్పు. నా దగ్గర సన్న బ్రష్ ఉంది, రంగు తెస్తాను. కానీ రాయి పొడిగా ఉంటేనే రంగు పడుతుంది. బయట చూశావా?"

బయట వాన పడుతోంది.

నాన్న విని, "పంపు నాకు చెప్పకుండా ముట్టుకోకు" అన్నాడు. తర్వాత, "ఆ టార్పాలిన్ పట్టు" అన్నాడు. రాతి చుట్టూ కర్రలు పాతి టార్పాలిన్ కట్టాడు. నింకె తువ్వాళ్లతో రాయి తుడిచింది. వాన తగ్గాక, మర్నాడు పొద్దున్నే, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో గీతలో రంగు నింపింది. అంచు దాటిన రంగును గుడ్డతో అద్దింది. పది గంటలకల్లా విలియమ్ హాడ్లీ తిరిగొచ్చాడు.

ఆ రోజు బడి లేదు, అప్పటికి మిగతా పిల్లలు తమ పేర్లు తుడవడానికి సైకిళ్ల మీద వచ్చారు.

"ఇంకేం, నీదే అన్నిటికన్నా మెరుస్తోంది. గెలిచావుగా" అన్నాడు విబ్రెన్.

నింకె వెనక్కి జరిగి చూసింది. నిజమే. ఏడో పేరు నిగనిగలాడుతోంది. పై ఆరూ దాని పక్కన వెలవెలబోతున్నాయి. నింకె కోరుకున్నది ఇదే. కానీ అస్సలు బాగాలేదు. ఒకే విమానంలో కూర్చున్నవాళ్లు కదా.

"నీ గుడ్డ ఇటివ్వు. మీ పైలట్‌తో మొదలుపెడతాను" అంది.

విబ్రెన్ గుడ్డ ఇచ్చాడు. తర్వాత తనే రంగు డబ్బా పట్టుకున్నాడు. మిగతావాళ్లలో ఇద్దరు పాచి గోకారు, ఒకరు అంచులు తుడిచారు. నాలుగింటికల్లా ఏడు పేర్లూ ఒకే నలుపులో నిలబడ్డాయి. పిల్లలు అరిచిన అరుపుకి గొర్రెలు పొలం అవతలికి పరుగెత్తాయి.

సాయంత్రం ఊరంతా వచ్చింది. పెద్దావిడ వంగి, అన్న పేరు మీద వేలు పెట్టింది. వేలికి కాస్త నలుపంటింది.

"అయ్యో, ఇంకా ఆరలేదండీ. అసలా రంగు పోగొట్టింది నేనే" అంది నింకె. మాస్టారు ఆవిడ భాషలో చెప్పారు.

ఆవిడ వేలు చూసుకుంది, తుడుచుకోలేదు. నవ్వి ఏదో అడిగింది.

"వీటిలో నువ్వు చూసుకునే పేరు ఏదీ అంటున్నారు" అన్నారు మాస్టారు.

"ఏడూ" అంది నింకె.

"పైలట్ నావాడు" అని గొణిగాడు విబ్రెన్.

"సరేలే, ఇద్దరం చూసుకుందాం" అంది నింకె.

ఎనిమిది కొట్టింది. పోయినవాళ్ల కోసం రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. తర్వాత విబ్రెన్ మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ వరసగా దిగివచ్చింది. చివర నింకె గొంతు గేటు దాటి, పొలం దాటి, కాలవ గట్టు దాకా వినిపించింది.

"విలియమ్ హాడ్లీ."