షైని ఆపిన ఆట

"మేడమ్, గిది ఫౌల్ ఎట్లైతది? నేను తన్నింది బాల్‌నే గదా!"

"బాల్‌తోని పాటు మనిషిని గూడ తన్నినవ్. నడువు బయటికి."

ఆ ఆరడుగుల మనిషి మొహం చూడాలంటే షైని తల పైకెత్తాల్సి వచ్చింది. అయినా ఎర్రకార్డు పట్టుకున్న చెయ్యి మాత్రం దించలేదు. షామీర్‌పేట గ్రౌండ్ చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఈలలు వేస్తున్నారు.

"నేనెవరో ఎర్కేనా మీకు?" అన్నాడతను నవ్వుతూ.

"ఎందుకెర్క లేదు? స్టీఫెన్. మచ్చ బొల్లారం. కేరళల పెద్ద క్లబ్బుకు ఆడుతవు. సీజన్ లేనప్పుడు గిట్ల దోస్తుల టీముల దొంగతనంగ దిగుతున్నవని మీ క్లబ్బోళ్లకు ఫోన్ కొట్టాల్నా?"

స్టీఫెన్ నవ్వు మాయమైంది. "వద్దు మేడమ్, దండం వెడ్త!" అని రెండు చేతులూ జోడించి బుద్ధిగా బయటికి నడిచాడు.

కాసేపటికి వాన దంచికొట్టింది. ఆటగాళ్లూ రెఫరీ అందరూ ఒకే రేకుల షెడ్డు కిందికి దూరారు. స్టీఫెన్ తన టవల్ తీసి ఆమెకిచ్చాడు.

"తుడుసుకోండ్రి మేడమ్. గా ఎర్రకార్డు తడిస్తే రంగువోతది. మళ్ల ఇంకొకన్ని ఎట్ల ఎల్లగొడ్తరు?"

షైని నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది. అతను అటువైపు వెళ్లి మరీ చూశాడు.

షైని అలియాబాద్‌లో ఓ బడికి పీఈటీ టీచర్. ఆదివారాలు మ్యాచ్‌లకు రెఫరీగా పోతుంది. ఆ వేసవి అయ్యేలోపు ఆ ఆదివారాలన్నీ స్టీఫెన్‌వి అయిపోయాయి. కరీంనగర్ రోడ్డు మీద మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి అతను తన కథంతా చెప్పాడు. నాయిన జక్కయ్య జీడిమెట్లలో ఫిట్టర్. ఓవర్‌టైమ్ చేసి కొడుక్కి మొదటి బూట్లు కొన్నాడు. మీసాలు రాని వయసులో భాష తెలియని కేరళకు పోయి, ఏళ్లకేళ్లు బెంచీ మీదే కూర్చున్నాడు స్టీఫెన్. ఓ సీనియర్ కాలు విరిగిననాడు గోల్‌పోస్టు ముందు డిఫెండర్‌గా నిలబడ్డాడు. అంతే, ఆ చోటు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

"గోల్ గొట్టినోన్ని భుజాల మీద ఎత్తుకుంటరు," అన్నాడు. "గోల్ ఆపినోన్ని ఎవ్వలు యాది వెట్టుకోరు షైనీ."

"నేను వెట్టుకుంట," అంది ఆమె. అనేశాక సిగ్గు ముంచుకొచ్చి బజ్జీ కొరికింది. నోరు కాలింది.

సీజన్ మొదలయ్యాక ప్రేమంతా ఫోన్లోనే నడిచింది. ప్రతి మ్యాచ్ టీవీలో చూసి షైని తప్పులు పట్టేది. "ఫస్టాఫ్‌ల గా తొమ్మిదో నంబరోడు నీ పక్కకెంచే పోయిండు. నిలవడి నిద్రవొయినవా?" అతను అటునుంచి పడీపడీ నవ్వేవాడు. "పెండ్లయినంక ఇంట్ల గూడ గిట్లనే విజిల్ ఊత్తవా ఏంది?" అన్నాడొకసారి. పెళ్లి మాట ఇద్దరి మధ్యకి అలా వచ్చి కూర్చుంది.

డిసెంబర్‌లో ఓ మ్యాచ్. కార్నర్ నుంచి వచ్చిన బంతి కోసం స్టీఫెన్ గాల్లోకి లేచాడు. ఎదుటివాడి తలా అతని తలా ఢీకొన్నాయి. పడిపోయాడు. లేచాడు. చెయ్యి ఊపి ఆట కొనసాగించాడు. చివర్లో గీత మీద నుంచి బంతిని బయటికి తన్ని జట్టును గెలిపించాడు కూడా.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడు, "షైనీ, ఆఖరికి ఏమైంది? గెల్చినమా?" అని అడిగాడు.

ఆటపట్టిస్తున్నాడనుకుని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు చర్చిలో దీపాల వెలుగు భరించలేక కళ్లు మూసుకునే కూర్చున్నాడు. మర్నాడు ఆమెను బండి మీద ఎక్కించుకుని మేడ్చల్ పోయి తిరిగొస్తూ రోడ్డు పక్కన ఆపేశాడు. పుట్టినప్పటి నుంచి తిరిగిన దారి. "ఎటు వోవాలె?" అన్నాడు మెల్లగా.

షైని బండి దిగి అతని ముందుకొచ్చింది. "ఎన్నిసార్లైంది గిట్ల? డాక్టర్‌కు జెప్పినవా?"

"జెప్తే ఆడనియ్యరు. ఇండియా టీమ్ క్యాంపుకు పేరొచ్చింది షైనీ. మా నాయిన ఫ్యాక్టరీల అందరికీ మిఠాయి పంచిండు. గా క్యాంపొక్కటి అయిపోనియ్యి. ఎవ్వలికీ జెప్పకు. నా మీద ఒట్టు."

"ఒట్టు గిట్టు నేనెయ్య. నువ్వు సూపించుకో."

"సూపించుకుంట," అన్నాడు. చూపించుకోలేదు.

జనవరిలో టీవీ ముందు కూర్చున్న షైని అతను మళ్లీ తలతో బంతిని కొట్టడం చూసింది. ఈసారి ఎవరూ తగల్లేదు. ఉత్త బంతే. అయినా స్టీఫెన్ తాగినవాడిలా రెండడుగులు పక్కకు తూలాడు. కామెంటరీవాళ్లు గమనించలేదు. గ్రౌండ్‌లో ఎవరూ గమనించలేదు. తను అక్కడ రెఫరీగా ఉంటే ఆ క్షణమే ఆట ఆపేసేది.

మర్నాడు క్లబ్ ఆఫీసుకు ఫోన్ చేసి, బతిమాలి, టీమ్ డాక్టర్‌తో మాట్లాడింది. అతను దారి మర్చిపోయిన సంగతితో సహా అంతా చెప్పింది.

స్కానింగులు తీశారు. ఇద్దరు పెద్ద డాక్టర్లు ఒకటే మాటన్నారు. ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు, జన్మలో ఫుట్‌బాల్ ఆడకూడదు. క్యాంపు పోయింది. కాంట్రాక్టు పోయింది. ఎన్నో ఏళ్లు కష్టపడి ఎదిగిన మనిషి రెండు బ్యాగులతో మచ్చ బొల్లారంలో దిగాడు.

షైని పరుగున వెళ్లింది. గుమ్మంలోనే జక్కయ్య అడ్డం నిలబడ్డాడు.

"మా పోరని నోటికాడి బువ్వ గుంజుకున్నవ్. ఇంకేం గావాలె బిడ్డా నీకు?"

లోపల్నుంచి స్టీఫెన్ వచ్చాడు. కళ్లు లోతుకుపోయి ఉన్నాయి. "నిన్ను నమ్మి జెప్పిన షైనీ. నువ్వు నన్ను బతికుండంగనే బొంద వెట్టినవ్."

"నువ్వు సచ్చిపోతుంటే టీవీల సూసుకుంట కూసోవాల్నా నేను?"

"కూసుంటే అయిపోతుండె. పో ఇగ."

ఆమె వెళ్లిపోయింది. బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయించింది. ఆదివారాలు ఎవరు పిలిచినా పోలేదు. ఫోన్ మోగినప్పుడల్లా చూసేది, కాదని తెలిసి పక్కన పెట్టేది. తనది తప్పు కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన అన్నం సహించలేదు.

జూన్ తొలి వానల్లో స్టీఫెన్ తల్లి ఎలీషమ్మ గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గరకొచ్చింది.

"నువ్వొకపాలి ఇంటికి రా బిడ్డా. కిటికీలు మూసుకొని సీకట్లనే ఉంటుండు. తలనొప్పులు. ఎవ్వలతోని మాట్లాడడు. నిన్న నీ పేరు వెట్టి పిలిసిండు. నిద్రల."

షైని వెళ్లింది. ఈసారి జక్కయ్య అడ్డు రాలేదు. తలదించుకుని కుర్చీ జరిపాడు.

స్టీఫెన్ మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. షైని కుర్చీలో కూర్చుంది. బయట వాన పడుతోంది.

"జనవరి మ్యాచ్‌ల," అన్నాడతను, "నాకు రెండు బాల్స్ కనవడ్డయి. ఏది నిజమో తెల్వలే. ఇంకొక దెబ్బ తాకితే ఏమైతదో నాకు ఎర్కనే షైనీ. అయితే గ్రౌండ్లనే అయితది, మంచిగనే ఉంటది అనుకున్న. నీ గురించి అనుకోలే. అమ్మ గురించి అనుకోలే. గందుకే నీ మీద గంత కోపమొచ్చింది."

ఇన్ని నెలలూ బిగబట్టిన ఏడుపు షైనికి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అతను లేచి ఆమె పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, చేతులు పట్టుకున్నాడు.

"నేనిప్పుడు దేనికీ పనికిరాను. దారులు గూడ మర్సిపోత. గిసోంటోన్ని జేసుకుంటవా?"

"జేసుకుంట."

గుమ్మంలో ఎలీషమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లోపలికి వచ్చి ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసింది. జక్కయ్య ఆమేన్ అన్నాడు.

ఆగస్టులో కొత్త సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ చూస్తానని స్టీఫెనే పట్టుబట్టాడు. షైని టీవీ వెలుగు తగ్గించి పక్కన కూర్చుంది. అతని చోట కొత్త కుర్రాడొకడు ఆడుతున్నాడు. ఎదుటి జట్టువాడు ఎడమ పక్క నుంచి దూసుకొస్తుంటే, ఇంట్లో చాప మీద కూర్చున్న స్టీఫెన్ కుడికాలు దానంతటదే ముందుకు జరిగింది. కొత్త కుర్రాడు ఆలస్యమయ్యాడు. గోల్ పడింది.

"బంద్ జెయ్యాల్నా?" అంది షైని.

"వద్దు. ఉండనియ్యి." అతని కళ్లు నిండిపోయాయి. "నేనైతే ఆపేటోన్ని."

"ఆపేటోనివి," అంది షైని.

అతను ఆమె భుజం మీద తల వాల్చాడు. ఆ తలను రెండు చేతులతో పదిలంగా పట్టుకుని ఆమె మ్యాచ్ అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.