జోడీదీపం

మా ఇంట్లో ఏ మంచి జరిగినా దానికి కారణం నేనై ఉండాలనుకుంటాను. కూర రుచిగా ఉంటే వంకాయలు ఏరి తెచ్చినవాణ్ణి నేను. వాన పడితే ఆ రోజు గొడుగు మరిచిపోయి వెళ్ళినవాణ్ణి నేను. దీన్ని మా ఆవిడ హైమ గొప్పలంటుంది. నేను బాధ్యత అంటాను. ఇంట్లో జరిగే మంచినంతా ఒక్కడే నెత్తినెత్తుకోవడం ఎంత బరువో ఎవరికీ పట్టదు.

ఈ కథ జరిగిన కాకినాడ మీకు తెలిసిన కాకినాడ కాదు. బస్సులన్నీ కరెంటువి. డ్రైవరు ఎదురుగా ఒక కెమెరా ఉంటుంది. అది రోడ్డు సంగతి వదిలేసి డ్రైవరు కళ్ళే చూస్తుంది. రెప్పలు బరువెక్కాయా, బస్సు తనంతట తానే పక్కకి వెళ్ళి ఆగిపోతుంది. వెంటనే డిపోకి కబురు వెళ్తుంది. హైమ నడిపేది అలాంటి బస్సే. అప్పటికి రెండుసార్లు ఆగింది. ఇంకోసారి ఆగితే స్టీరింగ్ తీసేసుకుని డిపోలో కుర్చీ వేస్తామన్నారు. కుర్చీ అంటే నాకు గౌరవం. హైమకి ఏడుపు. జగన్నాథపురం వంతెన మీదికి అంత పెద్ద బస్సుని మలుపు తిప్పేటప్పుడు ఆవిడ మొహంలో ఉండే వెలుగు మా పెళ్ళిఫొటోలో కూడా లేదు.

హైమకి రాత్రిళ్ళు నిద్ర చాలడం లేదు. ఆ నిద్ర కోసం నేను చెయ్యని వైద్యం లేదు. నాది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విప్పి చూసి నేర్చుకున్నాను. మనిషిని అలా విప్పి చూసే వీలు లేదు కాబట్టి చివరికి నిద్ర పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళాను.

"రాత్రి భోజనం ఎన్నింటికి?" అని అడిగారు డాక్టర్ మందాకిని.

"పదింటికండీ. షాపు కట్టేసి వచ్చాక. నాకు వేడివేడిగా వేపుడు ఉండాలి," అన్నాను.

"నేనడిగింది ఆవిణ్ణి."

"ఆవిడా అప్పుడేనండీ. మేం కలిసే తింటాం," అన్నాను గర్వంగా.

"తిన్నాక?"

"టీవీలో వార్తలు. తర్వాత వాటి మీద నా అభిప్రాయాలు."

"ఎంతసేపు?"

"వార్తలాండీ, అభిప్రాయాలాండీ?" అని అడిగింది హైమ. ఆ గదిలో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

డాక్టరుగారు నవ్వలేదు. "నిద్ర పిలిస్తే రాదమ్మా. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దాన్ని వెలుతురు కొంత తిప్పుతుంది, తిండి కొంత తిప్పుతుంది. పదింటికి వేపుడు తింటే మీ కడుపు ఇంకా సాయంత్రమే అనుకుంటుంది. పొద్దు వాలాక కాఫీ వద్దు, పడుకునే ముందు తెరలు వద్దు, పెందలాడే తేలిగ్గా తినండి అని అందరికీ చెబుతూనే ఉన్నాం. రాసిస్తే తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అంటిస్తారు. ఆ ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే హాయిగా నిద్రపోతుంది."

"మరెలా అండీ?"

"మనిషి చెబితే వినడు. తోడుంటే చేస్తాడు. పక్కవాళ్ళు ఆవులిస్తే మనకీ ఆవులింత రాదూ?"

ఆ ఆవులింతలోంచే ఆవిడ యంత్రాన్ని తీశారు. దాని పేరు జోడీదీపం. ఒంటి గడియారం అచ్చం మనలాగే నడుస్తూ, బాగా నిద్రపోయే మనిషిని కంప్యూటర్ ఊరంతా గాలించి పట్టుకుంటుంది. ఆ మనిషి మణికట్టుకి ఒక పట్టీ కడతారు. మన ఇంట్లో దీపం పెడతారు. అక్కడ ఆ మనిషి భోజనానికి కూర్చుంటే ఇక్కడ దీపం పసుపుపచ్చగా వెలుగుతుంది, ఏం తింటున్నదీ, ఏం చేస్తున్నదీ దాని కింద చిన్న తెర మీద పడుతుంది. అక్కడ నడుం వాలిస్తే ఇక్కడ నీలం. మనం అలాగే చేసుకుపోవడమే. ఎవరి పేరూ ఎవరికీ చెప్పరు.

"ఎందుకు చెప్పరండీ?" అన్నాను.

"పేరు తెలిస్తే నిద్ర గురించి కాక మనిషి గురించి ఆలోచిస్తారు," అన్నారు డాక్టరుగారు.

నాకు ఆ క్షణం నుంచే ఆలోచన మొదలైంది.

దీపం వచ్చిన వారానికల్లా హైమ కళ్ళ కింద నలుపు తగ్గింది. బస్సు ఎక్కడా ఆగలేదు. వంతెన మీద పాట కూడా పాడుతోందని కండక్టరు చెప్పాడు. మంచి జరిగింది. అందులో నా చెయ్యి లేదు.

ఒక సాయంత్రం షాపు విశేషాలు చెబుతూ ఉండగా ఆవిడ చూపు నా భుజం మీదుగా దీపం మీదికి వెళ్ళింది.

"ఉండండి. ఆయన భోజనానికి కూర్చున్నారు," అని లేచింది.

"ఆయనా?"

"మరేమనమంటారు? దీపంగారూ అని పిలవనా?"

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను తినడానికి కూర్చుంటే ఎప్పుడైనా ఇంత హడావిడిగా లేచావా?"

"మీరు కూర్చుంటే లేవలేను కదండీ. అప్పటికే నిద్ర ముంచుకొస్తుంటుంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆయనగారి భోజనం పెసరకట్టు, అరటిదూట పెరుగుపచ్చడి. దూటలో నార తియ్యడానికి హైమ గంటసేపు కూర్చుంది. నాకోసం ఏనాడూ వంకాయ ముచ్చిక తీసేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూపలేదు. ఆ పచ్చడి చిన్నప్పుడు మా అమ్మ చేసేది. ఆ సంగతైనా గుర్తొచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అసూయకి నాలుక కూడా మొద్దుబారుతుంది కాబోలు, కంచం పక్కకి తోసేశాను.

తర్వాత కాళ్ళు ఉప్పేసిన గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకోవడం, గసగసాల పాలు తాగడం. దీపం నీలంగా మారగానే వార్తల మీద నా అభిప్రాయం సగంలో ఉండగా పడుకోవడం. ఇవన్నీ ఆయన అలవాట్లు. నా మనసులో ఆయనకి తెల్లటి మీసం, ఇస్త్రీ చొక్కా కూడా వచ్చేశాయి. మనిషి ఎవరో తేలుద్దామని హైమ డ్యూటీలో ఉండగా దీపాన్ని స్క్రూడ్రైవర్‌తో విప్పాను. లోపల నాకు అర్థమైనవి స్క్రూలు మాత్రమే. అవి మళ్ళీ బిగించాను.

ఇక ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉందని జగన్నాథపురంలో ఉన్న మా రాజ్యం అక్క దగ్గరికి వెళ్ళాను. అక్కకీ హైమకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఏదో పెళ్ళిలో 'నీ ఆవకాయలో ఉప్పు ఎక్కువ' అని అక్క అందరిలో అంది. అంతే.

నా గోడంతా వింటూనే అక్క కంచం పెట్టుకుంది.

"నువ్వు కుళ్ళుకుంటున్నావురా తమ్ముడూ."

"నేనా? నాకు అలాంటివి లేవక్కా. ఇంటి క్షేమం కోసం అడుగుతున్నా."

"చిన్నప్పుడూ అంతే. నాకు ఫస్టు మార్కు వస్తే నీ పెన్సిలు అరువిచ్చానని ఊరంతా చెప్పావు. రా, తిను. అరటిదూట."

నేను కంచం వైపు చూశాను. పక్కనే గిన్నెలో పెసరకట్టు. అక్క తినేసి, చెయ్యి కడుక్కుని, టబ్బులో గుప్పెడు ఉప్పేసి కాళ్ళు పెట్టుకుంది. నేను మెల్లగా వరండాలోకి వెళ్ళి హైమకి ఫోన్ చేశాను.

"ఇప్పుడు మీ ఆయన ఏం చేస్తున్నాడు?"

"కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు. ఏం?"

గుమ్మంలోంచి చూశాను. టబ్బులో అక్క కాలివేళ్ళు ఆడుతున్నాయి. మణికట్టుకి పట్టీ ఉంది.

"అక్కా, ఆ పట్టీ ఏంటి?"

"ఎవరో నన్ను చూసి నిద్రపోతున్నారటరా. ఎవరి బిడ్డో పాపం. అందుకే ఈమధ్య కోపంతో పడుకోవడం మానేశాను. ఒంట్లో బాలేకపోయినా వేళకి తింటున్నా," అంది అక్క.

అప్పుడు నోరు మూసుకుని ఇంటికి వెళ్ళి ఉంటే సరిపోయేది. నా సంతోషం ఆగలేదు. తెల్లమీసం పోయింది. పోతే పోయింది, ఇప్పుడు ఆ మంచికి కారణం మా అక్క, మా అమ్మ పచ్చడి, మా వంశం. అంటే ఇంచుమించు నేనే! అక్కకి అక్కడే చెప్పేశాను. అక్క టబ్బులోంచి కాళ్ళు తీసేసి, "హైమా?" అంది. ఇంటికొచ్చి హైమకి కూడా చెప్పాను.

"చూశావా? నీకు నిద్ర పట్టించింది మా ఇల్లే!"

హైమ లేచి దీపం దగ్గరికి వెళ్ళింది. దానిమీద తువ్వాలు కప్పింది.

ఆ రాత్రి ఆవిడ పడుకోలేదు. మర్నాడూ అంతే. అక్కడ అక్క కూడా పస్తుంటోందని తెలిసింది. తువ్వాలు ఎత్తి చూస్తే దీపం పసుపు రంగుకే రావడం లేదు. హైమ కళ్ళ కింద నలుపు మళ్ళీ వచ్చింది. పొద్దున్న ఆవులిస్తూనే బస్సు తాళం తీసుకుని వెళ్ళింది. ఏ మూల బస్సు ఆగిపోతుందో అని ఫోన్ పట్టుకుని షాపులో కూర్చున్నాను. గ్రైండరుకి మిక్సీ బ్లేడు బిగించాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది. డిపో నుంచి కాదు, అక్క నుంచి.

"నీ పెళ్ళాం ఇక్కడుందిరా. చివరి ట్రిప్పు మా వీధి చివరే కదా, బస్సు అప్పగించేసి సరాసరి వచ్చింది."

"ఏమంది?"

"గుమ్మంలో నిలబడి, 'ఆవకాయలో ఉప్పు ఎక్కువే వదినా, ఆ మాట నాతో చాటుగా చెప్పాల్సింది' అంది. చాటుగానే చెప్పాల్సిందమ్మా అన్నాను. ఇద్దరం తిన్నాం. ఇదిగో, కూర్చున్నచోటే నిద్రపోయింది."

"నేనొచ్చి తీసుకెళ్తా."

"నువ్వు రాకు. నిద్ర లేస్తుంది."

డ్యూటీ రోజుల్లో హైమ ఇప్పుడు అక్కడే ఉంటోంది. స్టీరింగ్ నిలబడింది. సెలవు రోజు ఇంటికి వస్తుంది, వదిన ఇలా అంది, వదిన అలా అంది అని చెబుతుంది. వాళ్ళిద్దరూ కబుర్లలో తెగ నవ్వుకుంటారట. దేని గురించని అడిగితే, "మీ గురించేలెండి," అంటుంది. ఆ మాత్రం చెయ్యి ఉన్నందుకు సంతోషించాలేమో.

ఇప్పుడు నిద్ర పట్టనిది నాకు. నాకూ ఒక దీపం ఇమ్మని డాక్టర్ మందాకిని దగ్గరికి వెళ్ళాను.

"మీకు జోడీ దొరుకుతుంది. కానీ ఇంకొకరి వెనక నడవడానికి మీరు ఒప్పుకోవాలి కదండీ," అన్నారావిడ.

ఒప్పుకున్నాననుకున్నాను. పాత దీపమే ముందు పెట్టుకుని అన్నీ చేస్తున్నాను. పెందలాడే తింటాను. దూటలో నార నేనే తీస్తాను. ఉప్పునీళ్ళు, గసగసాల పాలు, అన్నీ. టీవీ కట్టేశాను, అభిప్రాయాలు చెప్పడానికి మనిషి కూడా లేదు. తిండి కుదిరింది, వేళ కుదిరింది. దీపం నీలంగా వెలుగుతుంది. అంటే అక్కడ మా అక్క పడుకుంది, పక్కనే మా ఆవిడ పడుకుంది.

నేను ఆ వెలుగుకేసి చూస్తూ కూర్చుంటాను. నా ప్రమేయం లేకుండా ఇద్దరు మనుషులు హాయిగా ఉంటే ఓర్చుకోవడం నాకింకా రాలేదు.