సన్నగా తరిగిన సాండ్‌విచ్

ఆదివారం ఉదయం తొమ్మిదయ్యేసరికి వంటగది గట్టు మీద చెయ్యి పెట్టే చోటు లేకుండా పోయింది. ఒక పక్క సలామీ, హామ్ మాంసం ముక్కలు, చీజ్. మరో పక్క లెట్యూస్ ఆకులు, టమాటాలు, ఉల్లిపాయలు. వాటి మధ్య ఆమె కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. భర్తతో కలిసి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కులు ఇద్దరు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. ఆయన దవడకి ఆపరేషన్ అయ్యాక ఇంటికి మనుషులు రావడం ఇదే మొదటిసారి.

ఆరు నెలలైంది. గడ్డ పోయింది, ప్రాణం దక్కింది. కానీ ఆయన నోరు ఇప్పుడు వేలు పట్టేంతే తెరుచుకుంటుంది. అప్పటినుంచీ ఆయన పళ్ళెం పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. ఆమె బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని, తిన్నాననిపించుకుని లేస్తుంది.

"బన్నులో పెట్టి ఇస్తే సరిపోయే సాండ్‌విచ్‌కి ఇంత తరుగుడేంటమ్మా?" అంది హాస్టల్ నుంచి నిన్ననే వచ్చి, పక్కన టమాటాలు కోస్తున్న కూతురు.

"బన్ను కొరకాలంటే నోరు తెరవాలి కదే. ఇటలీ సాండ్‌విచ్‌లో వేసేవన్నీ గోరంత ముక్కలు చేసి, ఆలివ్ నూనె, వెనిగర్, కాస్త మయొనైజ్ వేసి కలిపేస్తే అందరూ చెంచాతోనే తింటారు. మీ నాన్న ఒక్కరే వేరుగా కనబడరు."

"నాన్నకి చెప్పావా?"

ఆమె తన ప్రతాపమంతా లెట్యూస్ మీద చూపించింది.

"అంటే, నా తిండి అందరి చేతా తినిపిస్తున్నావన్నమాట."

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తల్లీకూతుళ్ళిద్దరూ గమనించలేదు.

"అలా అనకండి. బయట కూడా ఇప్పుడిది అందరూ ఇష్టంగా తింటున్నారు."

"నన్నొక మాట అడిగావా? వాళ్ళని పిలిచేముందు అడగలేదు. ఇది తరిగేముందూ అడగలేదు."

"అడిగితే వద్దంటారుగా." ఆమె గొంతు పెరిగింది. "ఆరు నెలలుగా గోడని చూస్తూ తింటున్నాను. మీ కష్టం నాకు తెలీదా? నేనేం పాపం చేశానని ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టారు?"

"నీవల్లే గదిలోకి వెళ్తున్నాను," అన్నారాయన.

"నావల్లా?"

"నేను చెంచా ఎత్తగానే నువ్వు తినడం ఆపేస్తావు. మింగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తావు. పెదవికి కాస్త అంటితే చాలు, తుడవడానికి రుమాలు పట్టుకుని సిద్ధంగా ఉంటావు. ఎవరు చూసినా సర్దుకుపోగలను. నువ్వలా చూస్తుంటే మాత్రం నాకు నేనే రోగిలా కనబడతాను."

ఆయన వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. ఆస్పత్రిలో మొదటిరోజు చెంచాడు నీళ్ళకే ఆయన ఉక్కిరిబిక్కిరై, మొహం నల్లబడిపోయిన క్షణం ఆమె కళ్ళ ముందునుంచి ఇప్పటికీ పోలేదు. ఆ భయమే ఆయన్ని బల్ల దగ్గరనుంచి లేపేసిందని మాత్రం ఆమెకి ఇంతవరకూ తట్టలేదు.

పన్నెండున్నరకి స్నేహితులొచ్చారు. ఒకాయన పొడుగు, ఇంకొకాయన బొద్దు. ఆమె వడ్డిస్తోందన్న మాటే గానీ ప్రాణమంతా ఆ గది తలుపు మీదే ఉంది. ఇచ్చిన చెంచానే మళ్ళీ ఇచ్చింది. నిండిన గ్లాసులో నీళ్ళు పోయబోయింది.

"సాండ్‌విచ్ జారి చొక్కా మీద పడే బాధ తప్పించావు చెల్లెమ్మా," అన్నాడు పొడుగాయన.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఆయన వచ్చి కుర్చీ లాక్కున్నారు గానీ కూర్చోలేదు. "నా నోరు ఇంతే తెరుచుకుంటుంది. తినడం ఆలస్యమవుతుంది. మధ్యలో కారుతుంది కూడా," అన్నారు.

"నువ్వు ఆలస్యంగా తింటే మేం రెండోసారి వడ్డించుకోవచ్చు. కూర్చో," అన్నాడు బొద్దాయన.

ఆయన కూర్చున్నారు. ఒక చెంచా తిని, సలామీ ముక్కలు ఇంకా పెద్దవిగా ఉన్నాయంటూ కత్తి తెప్పించుకుని, తన పళ్ళెంలోవి తనే సన్నగా తరుక్కున్నారు. రెండో చెంచాకి గడ్డం మీదకి నూనె కారింది. ఆమె చెయ్యి రుమాలు మీదకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది.

ఆమె తన పళ్ళెం దగ్గరికి లాక్కుని, దాంట్లోకే చూస్తూ చెంచా ఎత్తింది. వెనిగర్ పులుపు నాలుకకి తగిలేసరికి, తనకి ఎంత ఆకలిగా ఉందో తెలిసొచ్చింది. పొడుగాయన పదకొండో అంతస్తు దగ్గర లిఫ్టులో ఇరుక్కుపోయిన మనుషుల సంగతి చెబుతున్నాడు. మధ్యలో ఆమె భర్త దగ్గారు. ఒకసారి. మళ్ళీ ఇంకోసారి. ఆమె ఎడమచేత్తో కుర్చీ అంచు బిగించి పట్టుకుంది, తల మాత్రం ఎత్తలేదు. కళ్ళలో నీళ్ళు నిండి పళ్ళెం మసకబారింది.

"ఊఁ, తర్వాత ఎలా దింపారు వాళ్ళని?" ఆయన గొంతు వినిపించింది.

కాసేపటికి ఆయన పళ్ళెం ఆమె ముందుకొచ్చింది. "ఇంకాస్త వెయ్యి. ఉల్లిపాయ తగ్గించి."

ఆమె వడ్డించింది. కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ తన చెంచా అందుకుంది.