రిజర్వాయర్ ఎత్తు మీద ఆగిన ట్రక్కు

లైల్ నూట్సన్ శవం తెల్లవారాక దొరికింది. రోడ్డు పక్క కంచెకు ఆనుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఉంది. మంచు సగం కప్పేసింది.

అతను నడిపిన పాత ట్రక్కు అక్కడికి రెండు మైళ్ళ వెనక, రిజర్వాయర్ ఎత్తు మీద నిలబడి ఉంది. తాళం చెవి దానికే ఉంది. టాంకులో సగానికి పైగా పెట్రోలుంది.

షెరీఫ్ రోలీ ఆమ్‌డాల్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది.

ఆయన ముఖం మాడిపోయింది. పక్కనున్న డిప్యూటీ వెర్నా స్కోగ్ వైపు చూశాడు.

"ఇంత బాగా నడిచే బండిని వదిలి, రాత్రి ఆ మంచుతుఫానులోకి ఎవడన్నా దిగి నడుస్తాడా, వెర్నా?"

ఆ చలిలో బండి దిగితే చావేనని వెర్నాకి తెలుసు. తూర్పు మోంటానాలో పుట్టి పెరిగినవాడెవడూ అలా దిగడు. దిగాడంటే తిరిగి రాకూడదనుకునే దిగాడని అర్థం. పైగా ఆ ఏడు వానల్లేక లైల్ తన ఆవుల్ని అమ్మేసుకున్నాడు. శరదృతువు నుంచీ మనిషి మాట తగ్గించేశాడు. ఊరికి అంతకన్నా ఏం కావాలి?

సాయంత్రానికల్లా ఆత్మహత్య అన్న మాట ఊరంతా పాకింది. మర్నాడు స్కూల్లో లైల్ కూతురు జోనీని ఎవరో అడిగేశారు కూడా. ఆ పిల్ల ఇంటికొచ్చి గది తలుపేసుకుంది.

లైల్ భార్య డోరీన్ స్టేషన్‌కి వచ్చింది. ఏడవలేదు. కోటు కూడా విప్పకుండా నిలబడింది.

"ఆయన దిగులుగా ఉన్నమాట నిజమే. అయినా మమ్మల్ని వదిలేసి పోయే మనిషి కాదు. నువ్వన్నా సరిగ్గా చూడు, వెర్నా."

వెర్నా చూడటం మొదలుపెట్టింది. ట్రక్కు లైల్‌ది కాదు, అతని అన్న ఓర్విల్‌ది. ఆ రోజు తన పశువులకి గడ్డి వేయడానికి ఓర్విలే వచ్చి తమ్ముణ్ణి తీసుకెళ్ళాడు. సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఓర్విల్ తన ట్రక్కిచ్చి పంపాడు.

వెర్నా ఓర్విల్ ఇంటికెళ్ళి అడిగింది. అతను కాఫీ కప్పులోకే చూస్తూ జవాబులిచ్చాడు.

"బండి ఎప్పుడన్నా ఇబ్బంది పెట్టిందా?"

"లేదు."

"దారిలో ఆగిపోవడం?"

"ఒక్కసారి కూడా లేదు. కొన్నప్పట్నుంచీ నా చేతిలోనే ఉంది. వేరేవాళ్ళు బానెట్ ఎత్తింది లేదు."

గారేజీలో మెకానిక్ మెర్ల్ కూడా అదే చెప్పాడు. చల్లటి ఇంజన్ వెంటనే స్టార్టయింది. ఊరు రెండు చుట్లు తిప్పాడు, ఆగలేదు. బ్యాటరీ బాగుంది. దాన్ని పట్టుకుని ఇంకా ఏం వెతుకుతావని విసుక్కున్నాడు.

వెర్నాకి మాత్రం ఒక సంగతి మింగుడుపడలేదు. శవం దొరికిన ఉదయం ట్రక్కు బానెట్ పూర్తిగా మూసుకుని లేదు, కొక్కెం సగమే పట్టింది. చావాలనుకున్నవాడు బానెట్ ఎత్తి ఏం చూసుకుంటాడు?

అప్పుడే గారేజీ మూలన ఒక అట్టముక్క కనిపించింది. రేడియేటర్‌కి అడ్డంగా పెట్టి ఉంటే నీళ్ళు చూడటానికి తీసేశానన్నాడు మెర్ల్. చలికాలంలో ఇంజన్ వేడెక్కడానికి అక్కడ అందరూ పెట్టుకునేదే.

"అట్ట తీసేశాక నడిపి చూశావన్నమాట."

"అవును."

"మళ్ళీ పెట్టు. లైల్ నడిపినట్టే నడుపుదాం."

ఇద్దరూ రిజర్వాయర్ రోడ్డెక్కారు. చాలాసేపు ఏమీ కాలేదు. ఇంజన్ వేడి సూది మెల్లగా పైకి పాకింది. ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ ఒకసారి దగ్గింది. తర్వాత దీపం ఊదేసినట్టు ఆరిపోయింది.

మెర్ల్ తాళం తిప్పాడు. ఇంజన్ తిరిగింది గానీ అందుకోలేదు. ఇంకోసారి తిప్పాడు. అంతే.

కిందికి దిగి బానెట్ ఎత్తారు. మెర్ల్ కార్బురేటర్ మూత తీసి లోపలికి చూశాడు. పెట్రోలు చక్కగా చిమ్ముతోంది. ఒక ప్లగ్గు వైరు పీకి, చివర ఇనుముకి దగ్గరగా పెట్టి, వెర్నాని తాళం తిప్పమన్నాడు. స్పార్క్ లేదు. స్పార్క్‌కి కరెంటిచ్చే కాయిల్ మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. నిప్పులా కాలుతోంది.

"ఇదే దొంగ. వేడెక్కితే లోపల తీగ విడిపోతోంది. చల్లారితే మళ్ళీ కలుస్తోంది. అందుకే పొద్దున ఎవరు చూసినా బండి బంగారంలా నడిచింది."

గుడ్డలో మంచు చుట్టి కాయిల్ మీద పెట్టాడు. కాసేపాగి తాళం తిప్పితే ఇంజన్ అందుకుంది.

వెర్నా ఇంకా బానెట్ కిందే చూస్తోంది. సన్నటి పెట్రోలు పైపు పొడవునా బట్టలారేసే చెక్క క్లిప్పులు వరసగా కరిచి ఉన్నాయి. నూనె మరకలతో నల్లబడ్డాయి.

"ఇవేంటి?"

"ముసలివాళ్ళ వైద్యం. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతోందనుకున్నవాళ్ళు పెడతారు. మొదటే చూశాను, పాత బండ్లన్నిటికీ ఉంటాయని పట్టించుకోలేదు." మెర్ల్ మళ్ళీ క్లిప్పుల వైపు చూశాడు. అంటే ఈ బండి ఇంతకుముందూ ఆగేదేనని అప్పుడర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం డోరీన్ వంటింట్లో నలుగురూ కూర్చున్నారు. డోరీన్, ఓర్విల్, షెరీఫ్, వెర్నా. బల్ల మీద చర్చివాళ్ళు తెచ్చిన వంటకం అలాగే చల్లారిపోయింది.

వెర్నా కాయిల్ సంగతి చెప్పింది. తర్వాత జేబులోంచి క్లిప్పులు తీసి ఓర్విల్ ముందు పెట్టింది.

"బండి ఎప్పుడూ ఆగలేదన్నారు. మరి ఇవి ఎవరు పెట్టారు?"

ఓర్విల్ చూపు వాటి మీంచి కిటికీ వైపు మళ్ళింది.

"వేరేవాళ్ళు బానెట్ ఎత్తలేదని మీరే చెప్పారు."

"నేనే పెట్టాను." ఓర్విల్ ఒక క్లిప్పు చేతిలోకి తీసుకున్నాడు. "ఎండాకాలంలో ఆగేది. అరగంట కూర్చుంటే మళ్ళీ నడిచేది. చలికాలం కదా, ఆగదులే అనుకున్నా."

"ఆగితే కూర్చోమని లైల్‌కి చెప్పారా?"

"నోటిదాకా వచ్చింది. ఆ డొక్కు బండిని పారెయ్యమని వాడు ఎప్పుడూ నవ్వేవాడు. మళ్ళీ నవ్వుతాడని ఊరుకున్నా. అసలు నేనే దింపాల్సింది. ఆ గాలిలో బయటికి రావడానికి బద్ధకించాను."

"తర్వాతన్నా చెప్పొచ్చుగా," అంది వెర్నా. "ఊరంతా ఏమంటోందో మీకు తెలుసు."

"చెబితే నేను చంపినట్టవుతుంది కదా."

షెరీఫ్ టోపీ చేతిలో తిప్పుతూ, దీనికి పెట్టే కేసంటూ ఏమీ లేదన్నాడు. రిపోర్టు మాత్రం తనే మార్చి రాస్తానన్నాడు.

డోరీన్ షెరీఫ్ వైపు చూడలేదు. వెర్నాని అడిగింది.

"ఆయన ఎటు నడిచాడు?"

"ఇంటి వైపే, డోరీన్. గాలికి ఎదురుగా. వెనక్కి తిరిగితే ఓర్విల్ ఇల్లే దగ్గర. అయినా ఇటే వచ్చాడు."

డోరీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. కాసేపటికి ముఖం తుడుచుకుని ఓర్విల్ వైపు తిరిగింది.

"జోనీ ఆ గదిలో ఉంది. వాళ్ళ నాన్న తనని వద్దనుకుని పోయాడనుకుంటోంది. వెళ్ళి చెప్పండి. నేను చెప్పను. మీరే చెప్పాలి."

ఓర్విల్ లేచాడు. ఆ చిన్న నడవ దాటడానికి చాలాసేపు పట్టింది. తలుపు ముందు నిలబడి రెండుసార్లు చెయ్యెత్తి దించేశాడు.

మూడోసారి తట్టాడు.

"జోనీ. నేనమ్మా, పెదనాన్నని. తలుపు తియ్యి."

లోపల మంచం కిర్రుమంది.