సిలువ బిళ్ళ

చంద్రాపూర్‌లో గల్లీకో కంప్యూటర్ క్లాసు పుట్టుకొస్తున్న రోజులవి. బాబుపేట్ గల్లీలో ఉండే నోవా అలాంటి ఒక క్లాసులో మాస్టారు. జీతం అంతంతమాత్రం. అయితే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండేవాడు. భార్య క్రిస్టినాకు నెలలు నిండుతున్నాయి. తండ్రి సిలువయ్యకు రెండు కళ్ళకూ పొరలొచ్చి చూపు పోయింది. ముగ్గురూ కలిసి అన్నం తినేవాళ్ళు. అదొక గొప్ప సంగతని అప్పట్లో నోవాకు అనిపించేది కాదు పాపం.

ఇంతలో ఇంకో కొలువు పిలిచింది. బల్లార్‌పూర్ అవతల, బామ్ని దిక్కున, ప్రమాదం జరిగి మూతబడ్డ బొగ్గుగని ఆఫీసులో ఒక కంపెనీ కంప్యూటర్లు దించింది. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ తారుమారవుతాయని లోకమంతా హడలిపోతున్న కాలం కదా, వాటిని సరిచేసే పని. జీతం మూడింతలు. మేనేజరు అనంతరావు మొహమాటం లేకుండా చెప్పాడు.

"పైసలకు ఫికర్ లేదు. గాని ఇంటికి ఎప్పుడు పోవాలె అని మాత్రం అడగొద్దు. ఒక దినం వచ్చి చూడు. సాయంత్రం నీ మాట చెప్పు."

ఆ రాత్రంతా నోవా అటూ ఇటూ దొర్లాడు. మూడింతలంటే బాపు కళ్ళకు ఆపరేషన్, పుట్టబోయే బిడ్డకు లోటులేని ఇల్లు. క్రిస్టినా మెల్లగా అంది.

"పైసలొస్తే నాకు మాత్రం చేదా? గాని బిడ్డ నిన్ను గుర్తుపట్టాలె గద. నువ్వే ఆలోచించుకో."

ఇక్కడ సిలువయ్య సంగతి చెప్పాలి. ఆయన జన్మంతా ఒక గనిలో లాంపు రూములో పనిచేశాడు. బాయిలోకి, అంటే గని లోపలికి, దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ. కిటికీలోంచి బిళ్ళ లోపలికిస్తే, టోపీకి తగిలించుకునే లాంపు ఇస్తారు. బిళ్ళ కొక్కేనికి వేలాడుతున్నంతసేపూ మనిషి భూమి కింద ఉన్నట్టే. పైకొచ్చి లాంపు అప్పజెబితే బిళ్ళ చేతికొస్తుంది, అప్పుడే ఇల్లు. చిన్నప్పుడు నోవా తండ్రి పక్కన స్టూలెక్కి నిలబడి ఆ పని ఆటలా చేసేవాడు. లాంపు తీసుకో, బిళ్ళ ఇయ్యి. లాంపు తీసుకో, బిళ్ళ ఇయ్యి. ఆ చిన్న కిటికీలో మొహాలు కనిపించవు. కనిపించినా బొగ్గు పట్టి అన్నీ ఒక్కతీరే.

"మొకం చూడకురా, బిళ్ళ చూడు. బిళ్ళే మనిషి" అనేవాడు సిలువయ్య.

నోవా పుట్టినప్పుడు కొడుకు కోసం కూడా ఒక బిళ్ళ చేయించాడాయన. అంకె వేయించలేదు, సిలువ గుర్తు కొట్టించాడు. నా కొడుకు బిళ్ళ ఏనాడూ కొక్కేనికి ఎక్కొద్దని ఆయన పంతం. ఇప్పుడది నోవా లూనా బండి తాళంచెవికి ఉంది. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని తండ్రి అరచేతిలో పెడతాడు. ముసలాయన వేలితో సిలువ తడిమి, "వచ్చినవా బిడ్డా" అంటాడు. అప్పుడు పళ్ళేలు పెడతారు.

మర్నాడు వాన మొదలైంది. నోవా లూనా మీద తడుస్తూనే వెళ్ళాడు. ఆఫీసంటే మందపాటి గోడల గది, గాలొచ్చే కిటికీ ఒక్కటీ లేదు. ముందొక ఇరుకు గది, దాని వెనక ఏసీ వేసిన మిషన్ల గది. కాపలాదారు రామకిషన్ ఇరుకు గదిలోనే ఆపాడు.

"చెప్పులు, చాబీలు, గడియారం ఇక్కడ్నే పెట్టాలె సార్. దుమ్ము, ఇనుము లోపలికి పోవద్దట."

గోడకు ఒక చెక్క, దాని నిండా తుప్పు కొక్కేలు. పక్కన మేకులు కొట్టేసిన చిన్న కిటికీ. నోవా ఆలోచన లేకుండా తాళంచెవి తగిలించాడు. రామకిషన్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తన చాబీలు మాత్రం మొలతాడుకు కట్టుకున్నాడు.

"మొన్న ఒకాయన వచ్చిండు సార్, టై గిట్ట కట్టుకొని. మీ బాబుపేట్ ఆయననే. ఒక్క దినం చేసిండు, ఒద్దని ఇంటికి పోయిండు. మల్ల రాలె."

లోపల నోవా ఒక్కడే. పని బాగుంది, నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఒక తప్పు దొరికితే ఇంకో తప్పు ఊరించేది. ఆకలి తెలియలేదు, పొద్దు తెలియలేదు. ఎప్పుడో తల తిప్పితే మెడ పట్టేసింది. ఏసీ గాలిలో తడిబొగ్గు వాసన వచ్చింది. చెమట వాసన కూడా. బయట బూట్ల చప్పుడు, వరసలో నిలబడ్డ మనుషుల దగ్గు... వానేమోలే అనుకున్నాడు. అప్పుడు క్రిస్టినా గుర్తొచ్చింది. ఒక్కసారిగా ఇంటిమీద బెంగ పుట్టింది. ఒద్దు, ఈ కొలువు నాకొద్దు అనుకున్నాడు. అలా అనుకోగానే ప్రాణం తేలికపడింది. లేచాడు.

కరెంటు పోయింది.

తడుముకుంటూ ఇరుకు గదిలోకి వచ్చాడు. రామకిషన్ అలికిడి లేదు. చెక్క పక్కన గోడలో ఏదో కిర్రుమంది. పొద్దున మేకులు కొట్టేసి ఉన్న చిన్న కిటికీ... తెరుచుకుంది. వాన వెలుతురు లోపల పడింది. గట్టు మీద ఎవరో ఒక లాంపు పెట్టారు. వెనకే ఒక చెయ్యి వచ్చింది. నల్లటి చెయ్యి. చిటికెన వేలు సగానికి లేదు. అరచెయ్యి చాపి ఉంది.

"చానా సేపయింది..." గుసగుసలాడిందెవరో. "ఇంటికి పోవాలె."

నోవా చేతులు వాటంతటవే కదిలాయి. లాంపు తీసుకో. బిళ్ళ ఇయ్యి. చెక్క మీద ఉన్నది ఒకటే బిళ్ళ. తాళంచెవితో సహా ఇచ్చేశాడు.

వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది తానేం చేశాడో. బయటికి పరుగెత్తేసరికి లూనా దూరంగా, వానలో, చంద్రాపూర్ వైపు పోతోంది.

చేతిలో లాంపు వేడిగా ఉంది. విసిరేద్దామంటే వేళ్ళు విడిపోలేదు. బల్లార్‌పూర్ దాకా నడిచి బస్సెక్కాడు. కండక్టరు టికెట్ అడగలేదు. పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని జరిగింది. దూరంగా ఊర్జానగర్ కరెంటు ఫ్యాక్టరీ దీపాలు ఆకాశాన్ని ఎర్రగా చేసి వెలుగుతున్నాయి, వాటిని చూస్తే నోవాకు ఏడుపొచ్చింది.

ఇంటి ముందు లూనా ఉంది. తలుపు గడియ వేసి ఉంది. కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూశాడు.

కందిలి వెలుతురులో మూడు పళ్ళేలు. నోవా కూర్చునే చోట ఎవరో ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. నోవా చొక్కానే. సిలువయ్య అరచేతిలో బిళ్ళ మెరుస్తోంది.

"మేనేజరు సార్‌కు ఏం చెప్పినవ్?" క్రిస్టినా అడుగుతోంది.

"ఒద్దన్న." అది నోవా గొంతే. "ఇగ రోజూ పొద్దుగూకేవరకు ఇంటికొస్త."

క్రిస్టినా కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో. ఆ మనిషి అన్నం కలిపాడు. చిటికెన వేలు సగానికి లేదు.

"క్రిస్టీ... నేను..."

ఆమె తలెత్తి చూసి బెదిరింది. "ఎవరో బాయి మనిషి మామా. మొకమంతా బొగ్గు."

సిలువయ్య లేచి గోడ పట్టుకుంటూ వచ్చాడు. నోవా చువ్వల్లోంచి చెయ్యి చాపాడు. తండ్రి ఆ చేతిని నిమ్మళంగా తడిమాడు. లాంపు తగిలింది. ఖాళీ అరచెయ్యి తగిలింది.

"బాపూ, నేను. నోవాను."

"బిళ్ళ ఏది బిడ్డా?"

"వాడు తీసుకున్నడు బాపూ... నేనే ఇచ్చిన..."

"మా నోవా ఎప్పుడో వచ్చిండు. నా చేతిల బిళ్ళ పెట్టిండు." ముసలాయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. జన్మంతా ఎంతమందికి చెప్పాడో ఆ మాట. "లాంపు చేతిలుంటే నీ పని ఇంక ఒడువలేదన్నట్టు. పో బిడ్డా. పని పూరా ఒడువగొట్టుకొని రా."

కిటికీ రెక్క మూశాడు.

నోవా ఎంత పిలిచినా తెరవలేదు. గొంతు పోయాక వాకిట్లోనే కూలబడ్డాడు. లోపల ఎవరో ఏదో చెబితే సిలువయ్య కూడా నవ్వాడు. గల్లీలో కరెంటు లేదు. అయినా చివరింటి గోడమీద ఒక మసక వెలుతురు కదులుతోంది. నోవా తన లాంపు ఎత్తి చూశాడు.

ఆ ఇంటి కిటికీకి మొహం ఆనించి ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో లాంపు. తడిసిన ఇస్త్రీ చొక్కా, మెడలో టై. నోవా వైపు ఒకసారి తిరిగి చూసి, వేలు పెదాల మీద పెట్టుకుని, మళ్ళీ లోపలికి చూడసాగాడు.