సొలొమోను ఆపిన అప్‌డేట్

“పదకొండింటికి అప్‌డేట్ రిలీజవుతుంది. కాకూడదు. అప్పటికి పోలీసులు అక్కడుంటారు. శ్రీదుర్గకి ఒక్క ముక్క తెలియకూడదు,” అన్నాడు ఫోన్లో నిఘా విభాగం చీఫ్.

“ఆవిడకి ఇందులో సంబంధం లేదు సార్,” అన్నాడు కిరీటి.

“అది తర్వాత తేలుతుంది.”

ఫోన్ కట్టయింది.

కిరీటి గుణదలలోని ఆ గేమ్ స్టూడియోలో ఏడాదిగా సొలొమోను అనే మారుపేరుతో టెస్టర్. శ్రీదుర్గ రెండు గదుల్లో మొదలుపెట్టిన పడవ పందాల గేమ్ నలభై లక్షల ఫోన్లలోకి ఎక్కింది. ముప్ఫై మంది దాని మీద బతుకుతున్నారు. తర్వాత ఒక విదేశీ పబ్లిషర్ వచ్చాడు. కొత్త అప్‌డేట్‌లో వంతెననో సబ్‌స్టేషన్‌నో ఫొటో తీసి పంపిన ఆటగాడికి కొత్త పడవ ఇస్తారు. ఆ ఫొటోలు పరాయి దేశపు ఏజెంట్లకి చేరతాయని శ్రీదుర్గకి తెలియదు. పబ్లిషర్ ప్రతినిధి జెస్సికా ఆ సంగతి హెడ్డాఫీసుకి చేరవేసింది. అప్పటినుంచి ఆమె మన మనిషి.

హెడ్డాఫీసు పంపిన జామర్ పెన్ను సెల్ సిగ్నల్ ఆపుతుంది. రిలీజ్ కంప్యూటర్‌కి నెట్ వచ్చేది కేబుల్లో, దాన్ని ఆ పెన్ను ఆపలేదు. కిరీటి ఈ సంగతి రెండుసార్లు రిపోర్టులో రాశాడు.

పది నలభైకి జెస్సికా వచ్చింది. ఎర్ర పట్టుచీర, నల్లకళ్లద్దాలు. కిరీటి పక్కన ఆగి, “తిరునాళ్లకి వెళ్లారా?” అంది. అంతా అనుకున్నట్టే జరుగుతోందని కోడ్. అక్కణ్ణించి నేరుగా శ్రీదుర్గ దగ్గరికి వెళ్లింది.

“పదకొండు దాకా ఎందుకండీ, ఇప్పుడే వదిలేద్దాం.”

పోలీసులు రాకముందే అప్‌డేట్ వదిలించాలని చూస్తున్న జెస్సికా ఎవరి మనిషో కిరీటికి అప్పుడు అర్థమైంది. శ్రీదుర్గ చెయ్యి మౌస్ మీద ఉంది.

“అక్కా, హోల్డ్!”

ఆ స్టూడియోలో టెస్టర్ హోల్డ్ అంటే ఓనర్ కూడా బటన్ నొక్కకూడదు. నియమం శ్రీదుర్గ పెట్టిందే.

“బగ్గేంట్రా?”

“ఇరవై నిమిషాలివ్వక్కా, చూపిస్తా.”

“ఊరికే కంగారు పడుతున్నాడు. నొక్కండి,” అని జెస్సికా నవ్వింది.

“మా నాన్న మాటైనా కాదంటానుగానీ వీడు ఆగమంటే ఆగాల్సిందేనండీ. కూర్చోండి, కాఫీ తాగుదురుగాని.”

జెస్సికా కూర్చోలేదు. వంగి మౌస్ అందుకుంది. అంతకంటే ముందే శ్రీదుర్గ కేబుల్ పీకేసింది.

“ఇది నా ఆఫీసు మేడమ్.”

పదకొండింటికి పోలీసులొచ్చారు. కంప్యూటర్లు మూటకట్టారు. సమాచారమిచ్చిన సాక్షిగా జెస్సికాని ఏసీ కారులో పంపారు. శ్రీదుర్గని జీపెక్కించారు.

“సొలొమోనూ, ఆ బగ్గేదో రాసిపెట్టు. రాగానే చూద్దాం,” అందామె.

రావడానికి మూడు నెలలు పట్టింది. తప్పేమీ లేదని తేల్చారు. అప్పటికి గేమ్‌ని స్టోర్‌లోంచి తీసేశారు. ముప్ఫై మందీ తలో దారిన పోయారు. ఆ గదుల్లో కోచింగ్ సెంటర్ వెలిసింది.

చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. “విశాఖలో ఇంకో స్టూడియో. రేపు ఇంటర్వ్యూ. పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడుగుతారు. కథ ఒకటి సిద్ధం చేసుకో.”

“కథ అక్కర్లేదు సార్. కంపెనీ మూతపడిందని చెప్తా.”